తల ఎత్తనన్న ఒట్టు

బావ పోయాడంటే దర్జీకి ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. నాలుగు రోజులైంది. నిన్న ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాడు. నలభై ఏళ్ళలో ఆ కత్తెర అంత తెలివితక్కువ పని ఎన్నడూ చేయలేదు.

బావ బస్సు డ్రైవరు. ముప్పై రెండేళ్ళు స్టీరింగు తిప్పి, రిటైరైన మర్నాడే అక్కని వంటింట్లోంచి తరిమేసి గరిటె అందుకున్నాడు. పదేళ్ళుగా అదే వరస. పొయ్యి మీద కూర పడేసి, మూత పెట్టి, ముందుగదిలోకి వచ్చి పేక కలిపేవాడు. ఆట ఎంత రసపట్టులో ఉన్నా లేచి వెళ్ళి కలిపి వచ్చేవాడు. ఒక్కనాడు అడుగంటనివ్వలేదు. ఎప్పుడైనా అక్క పాలు మాడిస్తే మాత్రం వారం రోజులు దెప్పేవాడు. మనిషి వెన్నే, ఆ ఒక్క విషయంలోనే నోరు ఊరుకునేది కాదు.

దర్జీకీ ఒక దుర్గుణం ఉంది. ఎదుటివాడి ముక్కల్లోకి తొంగిచూడందే అతనికి ఆట సాగదు.

"సూది బెజ్జంలో పెట్టాల్సిన కళ్ళు నా ముక్కల్లో పెడతావేంట్రా దొంగవెధవా!" అనేవాడు బావ.

"గోడ మీద గడియారం చూస్తున్నా బావా!"

"గడియారం నీ వెనకుంది."

మొన్న ఆదివారం మధ్యాహ్నం బావ ముక్కలు పంచుతూ పట్టుబట్టాడు. "మీ అక్క మీద ఒట్టెయ్యి. ఈ ఒక్క ఆటా తల ఎత్తనని."

దర్జీ ఒట్టేశాడు. జన్మలో మొదటిసారి మాట మీద నిలబడ్డాడు కూడా. అదే కొంప ముంచింది.

బావ ఎంతకీ ముక్క వేయలేదు. "ఏం బావా, బండి మొరాయించిందా?" అన్నాడు దర్జీ, తన ముక్కలకేసే చూస్తూ. జవాబు లేదు. కాసేపటికి మాడువాసన వచ్చింది. "కూర మాడుతున్నా లేవట్లేదంటే మంచి ముక్కలే పడ్డట్టున్నాయే!" అని నవ్వాడు. అప్పుడూ తల ఎత్తలేదు. పొగకి కళ్ళు మండాక ఎత్తాడు. బావ కుర్చీలో వెనక్కి ఒరిగి ఉన్నాడు. పదమూడు ముక్కలూ గుండెకి అదుముకుని ఉన్నాడు.

"పది నిమిషాల ముందు తెచ్చుంటే..." అని ఆస్పత్రిలో డాక్టరు మధ్యలోనే ఆపేశాడు. ఆ మాట విన్నది దర్జీ ఒక్కడే. నాలుగు రోజులుగా దాన్ని ఎవరికీ చెప్పలేకపోయాడు. ఇవాళ అక్కకి చెప్పేసి, తిడితే తిట్టించుకుని, కొడితే కొట్టించుకుందామని వచ్చాడు.

అక్క వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముందు ఆ మాడిన గిన్నె, చేతిలో పీచు. తోమడం లేదు.

"అక్కా, బావ నాతో ఒట్టేయించుకున్నాడే. తల ఎత్తొద్దన్నాడు. నేను ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని ఎగతాళి చేస్తూనే ఉన్నాను." ఏడుపు ఆగలేదు. "మాడువాసన తగిలాక కూడా చూడలేదు. ఇంకోటుంది, ఆస్పత్రిలో..."

"నాకు నీకన్నా ముందే తగిలిందిరా వాసన."

దర్జీ గిన్నెకి అవతల నేల మీద కూర్చున్నాడు.

"పక్కగదిలోనే ఉన్నాగా. లేవలేదు. ఆయన కూర ఒక్కసారి మాడితే చూడాలని పదేళ్ళుగా కాచుక్కూర్చున్నాను. బాగా మాడనీ, అప్పుడెళ్ళి దెప్పుదామని, నవ్వు వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నానురా." ఆ చేతినే తిప్పి తిప్పి చూసుకుంది. "నేను వెంటనే లేచొచ్చుంటే?"

తన పాపం తను మోయలేక ఎవరి నెత్తిన దించుదామని వచ్చాడో దర్జీకి తెలిసొచ్చింది.

"డాక్టరు ఏమన్నాడ్రా? ముందే తీసుకెళ్తే బతికేవాడా?"

ఈసారి దర్జీ తల ఎత్తాడు. అక్క కళ్ళలోకి సూటిగా చూశాడు.

"లేదక్కా. ముక్కలు చేతిలోకి తీసుకున్నప్పుడే అయిపోయిందట. ఎవరం ఏం చేసినా లాభం లేదన్నాడు."

"నా మీద ఒట్టా?"

"నీ మీద ఒట్టు."

అక్క అప్పుడు బావురుమంది, నాలుగు రోజుల్లో మొదటిసారి. దర్జీ ఆమె చేతిలోంచి పీచు తీసుకుని, గిన్నె ముందుకి లాక్కుని, తల ఎత్తకుండా తోమసాగాడు.