దెబోరా ఇచ్చిన ఉప్పు

చిన్నబిడ్డ పుట్టిన మర్నాడు మిషన్ దవాఖాన వరండాలో డాక్టరమ్మ తన మగనితో ఏం చెప్పిందన్నది అనసూర్యకు ఏండ్లుగా తీరని అనుమానం. మంచం మీద నుంచి చూస్తే కిటికీలో ఇద్దరూ కనబడ్డారు. డాక్టరమ్మ చెయ్యి ఊపుతూ గట్టిగానే చెప్తోంది. లక్ష్మీరాజం తల వంచుకుని వింటున్నాడు. లోపలికి వచ్చినాక అడిగితే, "ఏం లేదు, మంచిగ తినుమన్నది" అన్నాడు. మంచిగా తినమనడానికి అంతసేపా అని ఆమెకు అప్పుడే అనిపించింది. కానీ రక్తమంతా పోయి, చెయ్యి లేపే ఓపిక లేని మనిషి ఎంతని గుచ్చి గుచ్చి అడుగుతుంది? ఇంటికొచ్చింది, మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. ఆ అనుమానం మాత్రం అన్నంలో రాయిలా అప్పుడప్పుడూ పంటికి తగులుతూనే ఉంది.

చిన్నబిడ్డకు నాలుగో ఏడు వచ్చినప్పుడు ఇంట్లోకి చేపలు వచ్చాయి. ఆదిలాబాదులో లక్ష్మీరాజం మేనేజరుగా ఉన్న జిన్నింగు మిల్లు సేటు అంబదాసు, బొంబాయి పోయి గాజుపెట్టెలు, వాటిలో ఈదే నల్ల చేపలు తెచ్చుకున్నాడు. మోలీ అంటారట. మిగతా చేపల్లాగా గుడ్లు పెట్టదు, మనిషిలాగే పిల్లల్ని కంటుంది. అవి ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే సేటుకు లేకలేక కొడుకు పుట్టాడు. ముగ్గురాడపిల్లల తండ్రి అయిన మేనేజరు మీద జాలిపడి, తన దగ్గరున్న ఒక చిన్న గాజుపెట్టెలో ఒక ఆడచేపను, రెండు మగచేపలను పెట్టి పంపించాడు.

అత్త చంద్రవ్వ గాజుపెట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది. "పొద్దుగాల లేవంగనే దీని మొఖమే చూడాలె నువ్వు. ఇది ఇంట్ల సల్లగుంటె నీ కడుపుల మొగపిల్లగాడు పడ్డట్టే" అంది.

మొహం చూడటంతో పోయేదయితే బాగానే ఉండేది. బావినీళ్లు తోడి ఒక రోజంతా బిందెలో నిలవబెట్టడం, పాతనీళ్లు కొంచెం కొంచెం తీసి పారబోయడం, గాజుకు పట్టిన పాచిని గుడ్డతో తుడవడం, ఉడికించిన పాలకూరను మెత్తగా నలిపి వేయడం, అన్నీ అనసూర్య చేతుల మీదే. ఆ ఇంట్లో ఎవరికి ఆకలైనా ఆ రెండు చేతులే కదా. ఇప్పుడు చేపల ఆకలి కూడా వాటికే వచ్చింది. సేటు ఇంటి నుంచి ఎవరైనా వస్తే లక్ష్మీరాజం గాజుపెట్టె పక్కన నిలబడి, "నేను మస్తు జాగ్రత్తగ చూసుకుంటున్న" అని చెప్పేవాడు.

చలి ముదిరినాక ఆడచేపకు జబ్బు చేసింది. రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటనే ఉండి ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతోంది. చూసేవాళ్లకు ఈదుతున్నట్టే ఉంటుంది గాని వేలెడు దూరం కూడా కదలదు. మగచేపలు దాన్ని వదలడం లేదు. మూలకు పోతే మూలకు వస్తాయి, రాయి వెనక దాక్కుంటే రాయి వెనక్కి వస్తాయి. అది పిల్లల్ని కని ఎన్నాళ్లో కాలేదు, పొట్ట మళ్లీ నిండుకొస్తోంది. అనసూర్య గాజుకు మొహం ఆనించి చూస్తూ, తెలియకుండానే తన పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఏం జేసినవే దానికి? నీ నీడ గిట్ట వడ్డదా?" అంది చంద్రవ్వ. "దానికేమన్న అయితె ఇంటికి అరిష్టం, చెప్తున్న. వచ్చే వారం బాసరకు పోయి మొక్కు చెల్లిస్తున్నం. తిరిగొచ్చినంక మంచిరోజు చూపిచ్చిన. అప్పటిదాంక బతికిచ్చుకో."

మంచిరోజంటే ఏమిటో అనసూర్యకు తెలుసు. చిన్నబిడ్డ పుట్టినప్పటి నుంచి దగ్గనీ, పిల్లలకు జ్వరమనీ ఏదో ఒక సాకుతో పిల్లల పక్కనే పడుకుంటోంది. బాసర నుంచి వచ్చినాక ఆ సాకులు చెల్లవు. ఆ ఏడాది సర్కారు జీపొకటి మైకు పెట్టుకుని, కాన్పు కాకుండా దవాఖానలో వేసే లూపు గురించి చెప్పుకుంటూ వీధుల్లో తిరుగుతుంటే, చంద్రవ్వ పాపపు మాటలని లేచి కిటికీలు మూసేది. మూసిన కిటికీ వెనక బియ్యం ఏరుతూ అనసూర్య ఆలోచించేది. పిల్లలను ఇచ్చేది దేవుడే, కాదనడానికి తానెవరు? కానీ ఇచ్చిన పిల్లలకు తల్లి ఉండాలని ఆ దేవుడు మాత్రం అనుకోడా? బాసర అమ్మవారి పటం ముందు దీపం పెట్టి అందరిలాగా పిల్లలకు చదువు అడగలేదు. "చదువుల తల్లివి. నాకు తెల్వాల్సింది ఏదో నాకు తెలిసేటట్టు చెయ్యి తల్లీ" అని మొక్కుకుంది.

మర్నాడు లక్ష్మీరాజం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, "నీళ్లల్ల జర ఉప్పు కలపాల్నట. మొగచేపలను దూరం పెట్టి దాన్ని ఒక్కదాన్నే ఉంచాల్నట. లేకుంటె దక్కదని సేటు అన్నడు" అని చెప్పి పోయాడు.

అనసూర్య పెరటి కొట్టంలోకి పోయి ఒక సత్తుగిన్నె తెచ్చింది. అది వెనక ఇంట్లో ఉండే మిషన్ దవాఖాన నర్సు దెబోరాది. చిన్నబిడ్డను ఎత్తుకుని దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో, చంద్రవ్వ ఊళ్లో లేని ఒకపూట ఉప్పు నిండుకుంటే అనసూర్య గోడమీదుగా అడిగింది. దెబోరా ఈ గిన్నెలో గళ్లుప్పు తెచ్చి, చేతికి ఇవ్వకుండా గోడమీద పెట్టింది. "మీ ఇండ్లల్ల ఉప్పు చేతికియ్యద్దంటరు. నా చేతికి అసలే అంటకూడదు" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "డాక్టరమ్మ చెప్పింది మీ సారు నీకు చెప్పిండు గదమ్మా?" అని అడిగింది.

మగడు తనకేమీ చెప్పలేదని బయటి మనిషి ముందు ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనమని, అనసూర్య తల ఊపింది.

"మంచిది. ఈ ఉప్పు ఇప్పుడే తిరిగియ్యకు. దవాఖానకు రావాల్నని నీకు మనసైననాడు తెచ్చియ్యి. నేనేం అడగ. డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోత" అంది దెబోరా.

చంద్రవ్వ ఊరి నుంచి వచ్చి, కిరస్తానీ గిన్నె వంటింట్లో ఉండరాదని కొట్టంలో పడేయించింది. చేపకు ఆ పట్టింపు లేదు. ఆ గిన్నెతోనే అనసూర్య ఆడచేపను మెల్లగా ఎత్తి, ఉప్పు కలిపిన నీళ్లున్న పెద్ద గాజుసీసాలో వదిలి, ఎండ తగిలేచోట పెట్టింది. పొద్దుగూకే వేళకు దాని వణుకు తగ్గింది. ముడుచుకున్న రెక్క ఒకటి విచ్చుకుంది.

"ఆలుమొగలను ఎడబాపుతవానే!" దీపం పట్టుకొచ్చిన చంద్రవ్వ సీసాను చూసి అరిచింది. "మొక్కు ముందర పెట్టుకొని గీ పనేంది? కొడుకా, దాన్ని మళ్ల అండ్ల ఎయ్యి."

లక్ష్మీరాజం చొక్కా చేతులు మడిచి సీసా ఎత్తాడు.

"సేటే చెప్పిండని అంటివి గద. గిట్ల చేస్తె సస్తది" అంది అనసూర్య.

"అందరు గట్లనే బెదిరిస్తరు" అంటూ చేపను పెట్టెలోకి వంపాడు. మగచేపలు రెండూ అటు తిరిగాయి. "ఇంకో కాన్పయితె మనిషి దక్కదని డాక్టరమ్మ నీ గురించి సుత అన్నది. ఏమైంది? గుండు లెక్క తిరుగుతున్నవ్ గద. ఇది పోతె సేటు ఇంకోటిస్తడు, ఫికర్ చెయ్యకు. బువ్వ పెట్టు."

అనసూర్య చంద్రవ్వ వైపు చూసింది. దీపం గూట్లో పెట్టి కూర్చున్న చంద్రవ్వ తలెత్తలేదు. ఒడిలో వక్కలు కత్తిరించుకుంటున్న అడకత్తెర చప్పుడు ఒక్క క్షణమైనా ఆగలేదు. అంటే ఆమెకూ తెలుసు. మంచిరోజు చూపించిన రోజూ తెలుసు, చేపకు కుంకుమ పెట్టిన రోజూ తెలుసు. అనసూర్య బువ్వ పెట్టింది. మజ్జిగ పోసింది. చారులో ఉప్పు తక్కువైందంటే తెచ్చి వేసింది. పిల్లలు ముగ్గురూ వరుసగా కూర్చుని తింటుంటే వాళ్ల తలలను ఒక్కొక్కటే చూసుకుంది. తాను అడిగింది అమ్మవారు ఇచ్చింది. ఇక అడగడానికి ఏమీ లేదు, చేయడమే ఉంది.

తెల్లవారేసరికి చేప నీళ్ల అడుగున పక్కకు వాలి ఉంది. మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. దాన్ని మళ్లీ ఉప్పునీళ్ల సీసాలోకి ఎత్తి, దెబోరా గిన్నెను కడిగి తుడిచి, జాడీలోంచి గళ్లుప్పు తీసి నిండా పోసింది. చంద్రవ్వ స్నానం చేసి వచ్చి వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఏడికే? శుక్రారం పూట ఉప్పు బయటికి తీస్తె ఇంట్ల లచ్చిమి నిలుస్తదా?"

"బాకీ ఉన్న అత్తా. శాన దినాలాయె. చేపను మళ్ల అండ్ల ఇడువకున్రి, నేనొచ్చి చూసుకుంట" అంది అనసూర్య, పక్కనుంచి తప్పుకుని వెళ్తూ.

దెబోరా డ్యూటీకి తెల్లచీర కట్టుకుని గుమ్మంలో ఉంది. గిన్నెను చూసింది, అనసూర్య మొహం చూసింది. అలవాటు కొద్దీ అరుగు చూపించి, "ఆడ పెట్టమ్మా" అంది.

"చెయ్యి పట్టు నర్సమ్మా" అంది అనసూర్య.

దెబోరా రెండు చేతులూ చాచింది. వేళ్లకు వేళ్లు తగిలాయి. ఏమీ అడగనని మాటిచ్చిన మనిషి కనుక ఏమీ అడగలేదు. ఉప్పు లోపల పెట్టి వచ్చి, తలుపుకు తాళం వేసి, దవాఖాన దారిలో అనసూర్య పక్కన నడిచింది.