అత్తగారి నవ్వు

ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పేది కాబట్టి ఎదురుగా అందరూ టీచరమ్మా అనేవారు. వెనకాల మాత్రం జైలరమ్మే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, ఖాతరు చేసేది కాదు. తెల్లవారకముందే లేచి కాళ్ళు వాచిపోయేదాకా నమాజులో నిలబడేది. ఉపవాసాల నెలలో వీధి మొత్తానికి ఒంటిచేత్తో వండి పెట్టేది. పుణ్యమంటే నడుం విరగాలి, చెమట కారాలి, అంతే. ఆ లెక్కలో నవ్వుకు చోటు లేదు.

అంతటి మనిషిని పక్షవాతం ఒక్క దెబ్బతో మంచాన పడేసింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మూతి ఓ పక్కకు జారింది. మాట ముద్దముద్దగా వస్తోంది, ఎవరికీ అర్థం కాదు. కొడుకు బస్సు డ్రైవరు, పొద్దున్నే డ్యూటీకి పోతాడు. ఇక మిగిలింది కోడలు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల, సెలవు పెట్టి మరీ అత్తగారికి ఒళ్ళు తుడిచేది, బట్టలు మార్చేది, చెంచాతో జావ పట్టేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి "ఇదేం ఉప్పు?", "ఇదేం ఊడవడం?" అన్న మాటలు తప్ప అత్తగారి నోట మంచిమాట వినని పిల్ల ఆమె.

"కళ్ళతో సైగ చేసినా నమాజు చెల్లుతుందమ్మా," అన్నాడు కొడుకు. ఆవిడ చేసేది గానీ మనసొప్పేది కాదు. రెప్పలు ఆడించడం కూడా ఒక ఆరాధనేనా? తన పుణ్యాల దుకాణం మూతబడినట్టే అనుకుని గోడవైపు తల తిప్పుకుని ఏడ్చేది.

ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చెంపలు నొక్కి చూసింది.

"పెద్దమ్మా, ఈ కండరాలకు పని చెప్పాలి. పళ్ళు కనబడేలా నవ్వండి. రోజూ నవ్వాలి."

"నవ్వా? మా అమ్మా?" అనేసి కొడుకు నాలుక కరుచుకున్నాడు.

ఆవిడకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఏ మంచిపనినీ చిన్నదని తీసిపారెయ్యొద్దు, తోటి మనిషిని నవ్వు ముఖంతో కలుసుకోవడమైనా సరే అని దైవప్రవక్త చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించిందో ఆ మాట, అదీ చేతిలో బెత్తం పట్టుకుని, కనుబొమలు ముడేసుకుని! సిగ్గేసింది. నడుం విరుచుకుని చేసిన పనులన్నీ చేజారాయి. మిగిలింది ఈ ఒక్కటే, అది కూడా సగం ముఖంతో. ఎవరికివ్వాలో వెతుక్కోనక్కర్లేదు, ఆ మనిషి వంటింట్లో గిన్నెలు తోముతోంది.

అంతే, పట్టుపట్టింది. కోడలు అటు వెళ్ళగానే స్టీలు పళ్ళెం ఎడమ చేత్తో ముఖం ముందు పెట్టుకుని సాధన మొదలుపెట్టేది. ఎడమ పెదవి చెప్పిన మాట వినేది, కుడిది మొండికేసేది. చొంగ కారేది. పళ్ళెంలో కనబడే ముఖం చూస్తే తనకే దడుపు పుట్టేది. అయినా వదల్లేదు. పిల్లలకు అక్షరం నోరు తిరగకపోతే ఏనాడైనా వదిలిందా?

ధైర్యం చేసి మొదటిసారి కోడలి ముందు నవ్వింది. ఆ పిల్ల హడలిపోయింది.

"అయ్యో అత్తయ్యా, నొప్పా? ఎక్కడ?" అంటూ పరుగున పోయి మాత్ర తెచ్చి మింగించింది.

ఇంకోసారి నవ్వితే పక్క తడిసిందనుకుని, శుభ్రంగా ఉన్న దుప్పటి తీసేసి కొత్తది పరిచింది. జైలరమ్మకు లోపల నవ్వొచ్చింది కూడా, కానీ అది బయటికి రావడమే కదా అసలు తంటా. ఆ సాయంత్రం జావ తాగిస్తుంటే మళ్ళీ ప్రయత్నించింది. కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఉప్పు తక్కువైందా? కోప్పడకండత్తయ్యా, మళ్ళీ కాచి తెస్తాను," అని గిన్నె తీసుకుని లేచింది.

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఈ పిల్లకు తన ముఖంలో చదవడం వచ్చింది కోపమొక్కటే. నేర్పిందెవరు మరి?

అదే వారం కొడుకు చెప్పాడు. "సెలవు అయిపోయిందమ్మా. రేపటి నుంచి తను ఫ్యాక్టరీకి వెళ్ళాలి. పగలు నీ దగ్గరికి ఆయా వస్తుంది."

మర్నాడు పొద్దున్న కోడలు అత్తగారికి తల దువ్వి, జడ వేసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరింది. జైలరమ్మ ఎడమ చేత్తో గబుక్కున ఆమె చున్నీ కొస పట్టుకుంది. ఎదురుగా నిలబడేదాకా వదల్లేదు. మనసులో బిస్మిల్లా అనుకుని నవ్వింది. ఎడమ పెదవి లేచింది. కుడిది లేవలేదు. చున్నీ వదిలేసి, ఆ చేతి వేలితోనే జారిపోయిన పెదవి కొసను పైకి లేపి పట్టుకుంది.

కోడలు చూసింది. గిరుక్కున వెనక్కి తిరిగింది, గుమ్మంలో మొగుడు నిలబడ్డాడేమోనని. అక్కడ ఎవరూ లేరు.

"నాకా?" అంది మెల్లగా. "నాకేనా అత్తయ్యా?"

ఆవిడ తలూపింది. కోడలు సంచి కింద పెట్టి, మంచం పట్టె మీద కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నా, ఆవిడ వేలు మాత్రం దించలేదు.