ఒంటికాలి నంబరు

పొద్దున లేచేసరికి మూడేళ్ల పెంటయ్య కళ్లు పూరీల్లా ఉబ్బి ఉండేవి. రెప్పల మధ్య సన్నని గీత తప్ప చూపు కనిపించేది కాదు. పొద్దెక్కిన కొద్దీ ఆ ఉబ్బు ఎవరో చేత్తో కిందికి దిగదీసినట్టు జారిపోయి కాళ్లలో చేరేది. మధ్యాహ్నానికి మొహం మామూలే. ఈ రెండు రూపాలనూ చూసింది తల్లి సుమిత్ర ఒక్కతే. అత్త అనంతమ్మ చీకటితోనే జొన్నచేనుకు పోయేది. మొగుడు బస్వరాజ్ లారీ మీద బొంబాయి రోడ్డున తిరుగుతుండేవాడు.

అంతకు ముందు ఇద్దరు పిల్లలు పోయారు. అందుకే వీణ్ని పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి, మంత్రసానికి చాటెడు జొన్నలిచ్చి కొనుక్కొచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టారు. ఎడమ కాలికి ఒంటి వెండి కడెం తొడిగారు. తలవెంట్రుకలు ఇచ్చేదాకా దాన్ని కదిలించకూడదని అనంతమ్మ మొక్కు. ఇప్పుడా కడెం కండలో కూరుకుపోయి, సగం కనిపిస్తూ సగం మాయమైంది.

ఝరాసంగం నుంచి బస్సు పట్టుకుని జహీరాబాద్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ధాన్యం గంజ్ వెనక సేట్లు కట్టించిన ధర్మ దవాఖానలో జనం కిక్కిరిసి ఉన్నారు.

"వాపెక్కడ?" అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"గీ కాలు సారూ," అంటూ అనంతమ్మ ఎడమ కాలు ముందుకు లాగింది. కుడికాలు సుమిత్ర కొంగు కింద ఉంది. "అడిగింది సూపియ్యి, సాలు. అంత ఇప్పి సూపిస్తె దిష్టి తాకుతది," అని బస్సు దిగిందగ్గర్నుంచీ చెబుతూనే వచ్చింది అత్త.

డాక్టరు కడెం చుట్టూ నొక్కి చూశాడు. "ఇది ఒత్తుకుని వాసింది. తీసేయండి."

"అట్లనకుండ్రి సారూ, మొక్కున్నది."

"మొక్కు కాలుకా, పిల్లగానికా?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. "రెండు కాళ్లు... మొఖం గూడ..." అని సుమిత్ర పెదవుల దాకా వచ్చింది. అత్త ఎదుట పరాయి మగవాడితో కోడలు నోరు విప్పే రివాజు ఆ ఇంట్లో లేదు. మాట కూడా కాలిలాగే కొంగు కిందే ఉండిపోయింది.

కంపౌండర్ రామ్‌కిషన్ గోడకు వేలాడే అట్ట మీద వేలు పెట్టి వెతికి, చీటీ మీద అంకెలు వేశాడు. మాటకారి మనిషి. "రోగానికో నంబరమ్మా. ఒక్క కాలు వాస్తె ఒకటి, ఒళ్లంత వాస్తె ఇంకోటి. రేపు పట్నం పెద్ద దవాఖానకు వోతె మీ ముచ్చట ఎవలింటరు? గీ నంబరు జూసి ఫలానా లైన్ల నిలవడమంటరు."

ఆరో తరగతిలో బడి మానిన సుమిత్రకు ఇంగిలీషు రాదు గానీ అంకెలు వచ్చు. చీటీని మడిచి రవికలో పెట్టుకుంది. మలాం డబ్బీతో ఇంటికి చేరారు.

మలాం అయిపోయింది, వాపు పోలేదు. పిల్లాడు ఉచ్చ పోయడం తగ్గింది. పోసినా నురగ. ఒకరోజు వానకు చేనుకు పోలేక అనంతమ్మ ఇంట్లోనే ఉండి, తెల్లారిన వెలుగులో మనవడి మొహం చూసింది.

"ఓ శివుడా! గిదేం మొఖమే? నాకెందుకు సెప్పలేదే పోరీ?"

"సెప్పిన అత్తమ్మా. నిద్రమొఖం అన్నవు."

అనంతమ్మ గబగబా మూట కట్టింది. ఆ పూటే బయల్దేరదీసింది. పొద్దటి మొహం డాక్టరుకు చూపాలంటే రాత్రి జహీరాబాద్‌లోనే ఉండాలి. అత్త పినతల్లి కూతురు చెన్నమ్మ ఇంట్లో దిగారు. దిగగానే అనంతమ్మే పిల్లాణ్ని చంకనేసుకుని కంసాలి దగ్గరికి పోయి కడెం కోయించుకొచ్చింది. "దేవునికి నేన్ జెప్పుకుంట. కోపమొస్తె నా కండ్లు దీస్కోని," అంది. కడెం ఉన్నచోట లోతుగా గాడి పడి ఉంది.

తెల్లారి డాక్టరు రాగానే సుమిత్ర అందరికన్నా ముందు నిలబడింది. ఆయన పిల్లాడి మొహం చూసి కుర్చీలోంచి లేచాడు. రెండు కాళ్లూ బొటనవేలితో నొక్కాడు. పిండి ముద్ద మీద నొక్కినట్టు గుంటలు అలాగే నిలిచాయి.

"ఒళ్లంతా నీరు పట్టింది. మూత్రపిండాల జబ్బులా ఉంది. ఇవాళే పట్నం తీసుకుపోండి. రామ్‌కిషన్, చీటీ!"

ఇంతలో కాన్పుల గదిలోంచి ఆయా కేక వేసింది. డాక్టరు ఖాళీ చీటీ మీదే సంతకం చేసి లోపలికి పరిగెత్తాడు. రామ్‌కిషన్ పాత చీటీ అడిగి తీసుకుని, పక్కన పెట్టుకుని, చూస్తూ కొత్తదాన్ని నింపి, రెండూ ఇచ్చాడు.

సుమిత్ర రెండింటినీ పక్కపక్కన పట్టుకుంది.

"అన్నా, గిది మొన్నటి నంబరే గద. ఒంటికాలుది."

"నీకు సదువొస్తదా?"

"అంకెలొస్తయి. సారు ఒళ్లంత అన్నడు."

రామ్‌కిషన్ చీటీ చూశాడు, అట్ట చూశాడు, నాలిక కరుచుకున్నాడు. "దస్కతైనంక కొట్టేసి రాస్తె దొంగచీటీ అంటరమ్మా. సారు బయటికి రానియ్యి, కొత్తది రాయిస్త."

కాన్పుల గది తలుపు తెరుచుకోలేదు. లోపల ఎవరో ఆడమనిషి అరుస్తోంది. "అడ్డం తిరిగిందమ్మా బిడ్డ, ఇప్పుడు సారును ఎట్ల పిలుస్త?" అంది ఆయా తలుపు వెనక నుంచే. పెంటయ్య తల్లి భుజం మీద తోటకూర కాడలా వేలాడుతున్నాడు. పొద్దటి బస్సు పోతే మళ్లీ మధ్యాహ్నం దాకా పట్నానికి బస్సు లేదు.

"ఆడ నోటితోని సెప్పమ్మా," అన్నాడు రామ్‌కిషన్.

"ఈడనే ఇనలె, ఆడ ఇంటరా అన్నా?"

రామ్‌కిషన్ కాన్పుల గది తలుపు వైపు చూశాడు. మొదటి రోజు తాను చెప్పిన మాటే అతనికి అడ్డమొచ్చినట్టుంది.

ఆ చీటీతోనే ఎక్కిన బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఈసారి సుమిత్ర కొంగు కప్పలేదు. వాచిన రెండు కాళ్లనూ అందరూ చూసేట్టు ఒళ్లో బయటికే పెట్టింది. అనంతమ్మ తెగిన కడెం గుప్పిట్లో బిగించి పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది.

ఊరు దాటేసరికి ఎండ చురుక్కుమంది. సుమిత్ర కొడుకు మొహం చూసింది. ఎడమ కన్ను అప్పుడే కాస్త తెరుచుకుంది. నల్లగుడ్డు కనిపిస్తోంది.

"అమ్మా, చెట్లు ఉరుకుతున్నయి," అన్నాడు వాడు.

ఇంకోనాడైతే ఆ కన్ను చూసి ముద్దు పెట్టుకునేది. ఇప్పుడు అదే కన్ను ఆమెను భయపెట్టింది. పట్నం చేరేసరికి మొహం దిగిపోతుంది. అక్కడివాళ్లకు ఆ మొహం కనబడదు, ఒంటికాలి చీటీయే కనబడుతుంది.

గబగబా వాణ్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టింది. తల కిందికి, కాళ్లు పైకి వచ్చేట్టు మోకాలు ఎత్తి పట్టింది.

"ఏం జేస్తున్నవే, పిల్లగానికి గుక్క తిరగదు!" అంది అనంతమ్మ కళ్లు తెరిచి.

"జరసేపు అత్తమ్మా. వాపు మొఖంల ఉండాలె. ఆల్లు సూసేదాక ఉండాలె."

పెంటయ్య లేస్తానని గింజుకుంటున్నాడు. ఆమె వాడి నుదురు అరచేత్తో అదిమి పట్టుకుని, తన కళ్లలోంచి కారే నీళ్లను తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, ఉబ్బు తగ్గుతున్న ఆ రెప్పలనే చూస్తూ కూర్చుంది.