నాలుగో రౌండుకు లేవనివాడు

హన్నా మూడో మగ్గాన్ని ఆపి, పోగును అటూ ఇటూ మోసే నాడెలోంచి ఖాళీ కండె తీసేసి, కొత్తది గుచ్చి, పోగు కొసను కన్నంలోంచి లాగి మళ్లీ నడిపించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. కళ్లు మాత్రం మిగతా మగ్గాల మీదే. ఏ నాడె ఎగిరొచ్చి ఎవరి కన్ను పొడుస్తుందో, పైన తిరిగే ఏ తోలు పట్టాలో ఎవరి జుట్టు చిక్కుకుంటుందో, నూనె కారిన ఆ రాళ్ల నేల మీద ఎవరు జారిపడతారో అని భయం. పదమూడో ఏట ఈ బర్న్లీ మిల్లు నేత షెడ్డులో అడుగుపెట్టిన నాటినుంచీ అదే భయం. భయపడ్డవాటిలో జరిగినవి తక్కువే. అయితే జరగని రోజున, రేపటికి వాయిదా పడిందనుకునేది తప్ప, తప్పిపోయిందని ఏనాడూ అనుకోలేదు.

నలభై దాటేసరికి మగ్గాల హోరు ఆమె చెవుల్ని తినేసింది. షెడ్డులో అదేమంత లోటు కాదు. అక్కడ చెవులున్నవాళ్లకూ ఏమీ వినబడదు. ఆడవాళ్లందరూ గొంతు పెట్టకుండా, పెదవుల్ని సాగదీసి, ముడిచి, ముఖమంతా కదిలించి మాట్లాడుకుంటారు. ఇటు చివరినుంచి అటు చివరిదాకా కబుర్లు సాగిపోతాయి.

"ఏంటక్కా, పొద్దున్నే ఆ మొహం?" ఎదుటి మగ్గం దగ్గర్నుంచి ఎల్సీ పెదవులు అడిగాయి. ఎల్సీ పక్కింటిదే. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ.

"క్లిఫ్ మాట బాగా లేదే."

"ఎందుకు బాగా లేదు? నిన్న గుమ్మంలో నాతో మాట్లాడాడుగా. కాస్త నిదానం, అంతే. వాడెప్పుడు గబగబా మాట్లాడాడు గనక? నువ్వూ నీ భయాలూను! మొన్న నా దగ్గు విని, అదే, చూసి, నాకు పాడె కట్టేశావు."

హన్నా నవ్వలేదు. కొడుకు మాటను ఊరందరూ వింటారు, తనొక్కతే చూస్తుంది. 'అమ్మా' అన్నప్పుడు పెదవులు రెండూ ఈ కొసనుంచి ఆ కొసదాకా కలవాలి. ఈమధ్య ఎడమ పక్క కలవడం లేదు. తలుపు సరిగా పడనట్టు అక్కడ చిన్న సందు. పొద్దున కూడా చూసింది. క్లిఫ్ ఎప్పటిలాగే తొట్టి మీదికి వంగి, మాంసం కొట్టునుంచి తెచ్చిన, మాంసం ఊరబెట్టే ఉప్పునీళ్లతో ముఖం తడుపుకుంటున్నాడు. తోలు గట్టిపడితే కనుబొమలు తొందరగా చిట్లవని బాక్సర్ల నమ్మకం. ముప్ఫై అయిదేళ్ల ముఖం. ముక్కు ఎటు పడుకోవాలో తెలియక రెండు వైపులా పడుకుంది. చెవి ఒకటి ఉడికించిన క్యాబేజీ ముద్ద. "అమ్మా, రొట్టె" అన్నాడు. ఆ రెండు ముక్కలకే సందు కనిపించింది.

పద్నాలుగేళ్లకే మిల్లు గోడౌనులో దూది బేళ్లు మోశాడు వాడు. పదహారేళ్లప్పుడు, వేసవి సెలవుల సంతలో, "మావాడి ముందు మూడు రౌండ్లు నిలిచే మగాడెవడు?" అని డేరా ముందు ఎవడో కేకేస్తే, వెళ్లి నిలిచాడు. అక్కడినుంచి ఆగలేదు. యుద్ధం అయిన మూడేళ్లకు ఉత్తరాది చాంపియన్ అయ్యాడు. మంగలి హార్గ్రీవ్స్ తన కొట్లో అద్దం పక్కన వాడి ఫోటో పెట్టుకున్నాడు. లండన్ వెళ్లేనాడు బర్న్లీ స్టేషన్‌కు వీధి వీధంతా నడిచి వెళ్లింది. అక్కడ గెలిస్తే బ్రిటిష్ టైటిల్‌కు పోటీపడే వంతు వాడిదే.

కాని ఆ పోటీకి పెట్టిన తూకం కన్నా రెండు పౌన్లు ఎక్కువున్నాడు. మేనేజరు బ్రామ్లీ రెండు రోజులు మంచినీళ్లు ముట్టనివ్వలేదు. బేకరీ పొయ్యి పక్కన దుప్పట్లు కప్పి కూర్చోబెట్టి, పుల్లమిఠాయి నోట్లో పెట్టి, ఊరిన ఉమ్మినంతా డబ్బాలో ఉమ్మించాడు. స్టేషన్లో బండి కదిలేటప్పుడు కిటికీలోంచి క్లిఫ్ ఏదో అన్నాడు. పెదవులు ఎండి, తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. తూకం నెగ్గాడు. రింగులో ఎనిమిదో రౌండుకల్లా కాళ్లు వాడి కాళ్లు కాకుండా పోయాయి. అయినా పడలేదు. ఆఖరి గంటదాకా నిలబడే దెబ్బలు తిన్నాడు.

ఆ తరవాత అంతా జారుడే. పైకొచ్చే ప్రతి కుర్రాడికీ, ఓడించి చెప్పుకోవడానికి ఒక పేరు కావాలి. ఆ పేరు క్లిఫ్ హిబ్బర్ట్. హల్, కార్డిఫ్, గ్లాస్గో, ఎక్కడ ఎవడు చివరి నిమిషంలో రానన్నా బ్రామ్లీ కబురు పెడతాడు. వీడు సంచి తీసుకుని బండెక్కుతాడు. ఓడిపోయి వస్తాడు. వాడికి మిగిలిన ఆస్తి ఒక్కటే: ఏ రౌండుకూ లేవకుండా కూర్చోలేదు. ఆ ఊళ్లో దెబ్బకు పడిపోయినవాడికి మర్నాడు పబ్బులో ఎవరో ఒకరు బీరు పోయిస్తారు. రౌండుకూ రౌండుకూ నడుమ కూర్చునే స్టూలు మీంచి లేవనివాడికి మాత్రం బల్ల మీద ఎవరూ జరిగి చోటివ్వరు.

మధ్యాహ్నం మగ్గాలు ఆగాయి. పాదాల కింద నేల వణకడం మానితే అది హన్నాకు తెలుస్తుంది. టీ డబ్బా పట్టుకుని మెట్ల దగ్గరి కిటికీలో నిలబడింది. అవతల, క్లిఫ్ ఇప్పటికీ బేళ్లు మోసే గోడౌను ముందు బ్రామ్లీ కారు. పక్కన ట్రైనరు సెత్, కుంటికాలి ముసలాయన. క్లిఫ్ వాళ్లకు తలూపి, సంచికోసం కాబోలు, లోపలికి పరిగెత్తాడు. పరుగులో భుజం తలుపుకు కొట్టుకుంది.

అప్పుడు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. ఆవరణ అంత దూరంలో, మూసిన కిటికీ వెనక ఉన్న ముసలిది వింటుందని ఎవరనుకుంటారు?

"ఈ సాయంత్రం ఆ లీడ్స్ కుర్రాడితో ఆడ్డానికి ఎవడో ఒకడు కావాలి," అన్నాడు బ్రామ్లీ. "నాలుగు రౌండ్లు నిలబడితే చాలు."

"వాడి మాట చూశావా? ముద్దగా వస్తోంది," అన్నాడు సెత్.

"ఉపన్యాసానికి పిలిచామా వాణ్ణి?"

సెత్ నేల చూశాడు.

హన్నా టీ డబ్బా కిటికీ గట్టు మీదే వదిలేసి మెట్లు దిగింది. దిగుతూ కూడా మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు తను పడితే వాణ్ణి ఆపేవాళ్లుండరు.

"వద్దురా," అంది గేటు దగ్గర కొడుకు కోటు పట్టుకుని. "ఒరే, నాన్నా, వద్దురా."

"మనూళ్లోనేనమ్మా! మన స్నానాల హాల్లో. నాలుగేళ్లయింది మనూళ్లో ఆడి." ముఖం చిన్నపిల్లాడిలా వెలిగింది. "ఉత్తరాది మాజీ చాంపియన్ అని మైకులో చెప్తారంట. ఇదే ఆఖరు. ఒట్టు."

"వాళ్లు నిన్ను తన్నించడానికి తీసుకెళ్తున్నార్రా."

"తన్నులు నాకు కొత్తా?" నవ్వాడు. ఎడమ కొస నవ్వలేదు. "నువ్వింటికెళ్లి పడుకో. లేకపోతే వీధి చివర నిలబడి నీ గోళ్లు అయిపోయాక ఎల్సీ గోళ్లు కొరుకుతావు."

ఇన్నేళ్లలో ఒక్క పోటీకీ వెళ్లని మనిషి, ఆ సాయంత్రం ఎల్సీని వెంటబెట్టుకుని వెళ్లింది. చలికాలంలో మున్సిపల్ స్నానాల కొలను ఖాళీ చేసి, పైన పలకలు పరిచి, వాటి మీద రింగు కడతారు. పలకల కింద ఎంత లోతుందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు క్లిఫ్ ఈత నేర్చుకుంది ఇందులోనే. అప్పుడూ ఇలాగే పై గ్యాలరీలో కమ్మీ పట్టుకుని నిలబడింది, మునిగిన ప్రతిసారీ తేలేదాకా ఊపిరి బిగబట్టి. ఇంకా క్లోరిన్ వాసన పోలేదు. పలకలు విరుగుతాయేమోనని కాసేపు భయపడి, ఆ భయం చాలా చిన్నదని తనే తోసేసింది.

మైకు పట్టుకున్నాయన 'మాజీ చాంపియన్' అన్నాడు. కింద చేతులు చప్పట్లు కొట్టాయి. క్లిఫ్ నాలుగు వైపులా తిరిగి దండం పెట్టినట్టు గ్లవ్స్ ఎత్తాడు.

లీడ్స్ కుర్రాడు ఇరవైయేళ్లవాడు, ఆ వేగానికి చేతులు కనబడవు. రెండో రౌండులోనే క్లిఫ్ కనుబొమ చిట్లింది. మూడో రౌండంతా తాడుకు ఆనుకునే గడిపాడు. చెవులున్నవాళ్లకు ఆ హాలు ఒకటే హోరు. హన్నాకు ఒక్కొక్క నోరూ విడివిడిగా కనిపించింది. 'మగ్గం మీద పడుకున్నావా, ముసలోడా!' 'మీ అమ్మని పిలవరా, ముక్కు తుడుస్తుంది!' అన్నవాడు మంగలి హార్గ్రీవ్స్.

మూడో రౌండు అయిపోయిందని గంట కొట్టారు. క్లిఫ్ స్టూలు మీద కూలబడ్డాడు. సెత్ కనుబొమకు మందు అద్దుతూ వంగి ఏదో అడుగుతున్నాడు. క్లిఫ్ ముఖం గ్యాలరీ వైపే ఉంది. వాడి పెదవులు కదిలాయి.

"కాసిని నీళ్లియ్యి, సెత్. తూకం అయిపోయిందిగా. ఇక తాగొచ్చుగా?"

ఆ హోరులో సెత్‌కు వినబడలేదు. సరే సరే అన్నట్టు తలూపి భుజం తట్టాడు.

"లండన్ జనం బాగా వచ్చారు," అంది వాడి నోరు.

హన్నా లేచింది. ఎల్సీ లాగుతున్నా బల్లెక్కి నిలబడింది. ఆమెకు తెలుసు, ఈ ఒక్క ఆస్తీ తీసేస్తే వాడికి ఇంకేమీ మిగలదని. పబ్బులో చోటుండదు, గోడౌనులో తలెత్తుకోలేడు. తెలిసే, రెండు చేతులూ ఊపింది. వాడి కళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆమె మీద ఆగాయి. షెడ్డు అవతలి చివరకు చెప్పినట్టు, ముఖమంతా పెదవులు చేసుకుని, గొంతు పెట్టకుండా చెప్పింది.

"కూర్చో. లేవకు. ఇంటికి పోదాం."

క్లిఫ్ చూశాడు. నేతగత్తె కొడుకు, ఉయ్యాలలోనే ఆ భాష నేర్చినవాడు. గంట కొట్టారు. సెత్ పక్కకు తప్పుకున్నాడు. లీడ్స్ కుర్రాడు రింగు నడుమకు వచ్చి, ఎదురు ఎవరూ రాక నిలబడిపోయాడు. క్లిఫ్ మోకాళ్ల మీద గ్లవ్స్ పెట్టుకుని, బడిపిల్లాడిలా, అలాగే కూర్చున్నాడు. రిఫరీ వంగి అడిగాడు. రెండోసారి అడిగాడు. తరవాత వెళ్లి కుర్రాడి చెయ్యెత్తాడు.

హాలంతా ఒకే మాట అంది. హన్నా కళ్లు మూసుకుంది. చెవిటిదానికి వినకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

సన్నగా వాన పడుతోంది. తల్లి చేయి పట్టుకుని క్లిఫ్ నడిచాడు. కాలిబాట దిగాల్సిన ప్రతిచోటా ఆమె ముందే చెప్పింది. ఎల్సీ వెనక నాలుగడుగుల దూరంలో వచ్చింది. ఇంటి మలుపులో దీపస్తంభం కింద క్లిఫ్ ఆగి, వెలుతురు ముఖం మీద పడేలా తిరిగాడు.

"వాళ్లు నన్ను తిట్టారామ్మా?"

"లేదురా. చప్పట్లు కొట్టారు. హార్గ్రీవ్స్ అయితే లేచి నిలబడి మరీ కొట్టాడు."

"నీకేం తెలుసే, చెవిటిదానివి," అన్నాడు క్లిఫ్, నవ్వబోయి. కాని నమ్మాడు. నమ్మాలనుకున్నాడు. "తల పోటుగా ఉంది. పాలు కాస్తావా?"

"కాస్తాను. రా."

పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కోటు విప్పకుండానే దుప్పటి కప్పింది. డాక్టరుకు కబురు పెట్టమని ఎల్సీకి గుమ్మంలోనే చెప్పింది. ఎల్సీ తన మగణ్ణి పరిగెత్తించింది. ఇక చేయాల్సింది పాలు కాచడమే. హన్నా గిన్నె పొయ్యి మీద పెట్టి దాని మీదే కళ్లుంచింది, పొంగితే మంట మీద పడతాయని. రొట్టె తుంచి, పాలు పోసి, చక్కెర చల్లి, కలిపి, ఇటు తిరిగింది.

క్లిఫ్ తల భుజం మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఏదో మాట మధ్యలో ఆగినట్టు. ఆమె వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. తరవాత తన చెంప పెట్టింది. ఊపిరి తగల్లేదు.

తలుపు తోసుకుని ఎల్సీ వచ్చింది. అటూ ఇటూ చూసి గోడకు ఆనుకుంది. హన్నా ఆమె వైపు తిరిగింది.

"గోడవతలనుంచి నీకు ఏమన్నా వినబడిందా?"

ఎల్సీ తలూపింది.

"ఏమన్నాడే?"

"పిలుస్తున్నట్టే ఉందక్కా. రెండుసార్లు. కాని మాట..." ఎల్సీ ఎప్పుడూ లేనిది, పెదవుల్ని చేత్తో కప్పుకుంది. ఆ మాట చెప్పడానికి మళ్లీ చెయ్యి తియ్యాల్సి వచ్చింది. "తెలియలేదక్కా. ముద్దగా ఉంది."

పొయ్యి గట్టు మీద గిన్నెలో రొట్టె ముక్కలు పాలు పీల్చుకుని ఉబ్బాయి, పైన పల్చగా మీగడ కట్టింది, నిలబెట్టిన చెంచా నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి గిన్నె అంచుకు ఆనుకుంది.