రుద్దితే పోని తేదీ

దూదిని స్పిరిట్‌లో ముంచి, మాత్రల రేకు వెనక ఒక మూల రుద్దుతున్నాడు. గట్టిగా రుద్దితే వెండి మెరుపు పోతుంది, మెత్తగా రుద్దితే అంకె మిగిలిపోతుంది. పాత తేదీ పోవాలి, మెరుపు ఉండాలి. అదీ పని. తుడిచిన చోట రబ్బరు ముద్రతో కొత్త తేదీ కొట్టి, నోటితో ఉఫ్ఫని ఊదుతాడు. గడువు తీరి చచ్చిన మందు లేచి కూర్చుంటుంది.

అందుకే తోటివాళ్లు అతన్ని బ్రహ్మ అంటారు.

పరుపుల గోదాము వెనక గది అది. కిటికీలకు అట్టలు కొట్టేశారు. గోడకు గడియారం లేదు, క్యాలెండరు లేదు. తేదీలు పుట్టే చోట ఇవాళ తేదీ ఎంతో ఎవరికీ తెలియదు. ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు. స్పిరిట్ వాసనకు ఈగ కూడా వాలదు. గుట్టగా పోసిన రేకులు ఫ్యాను గాలికి ఒకదాన్నొకటి రాసుకుంటూ గుసగుసలాడతాయి. కొత్తగా చేరినవాళ్లు ఎవరో పేరు పెట్టి పిలిచారనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. పాతవాళ్లు తిరగరు. తిరిగితే పని సాగదు.

"బ్రహ్మయ్యా, నా నుదురు కూడా కాస్త తుడిచి రాయరాదూ? మా ఆయన లేని రాత రాయి," అంది పెట్టెలు కట్టే ఆవిడ.

"ఆ రాత స్పిరిట్‌కి లొంగదమ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. ఆ రేకులు ఎవరి గొంతులోకి పోతాయో అతనికి తెలియదా? తెలుసు. బతుకుతెరువు అనే మాట ఎన్ని పాపాల మీద దుప్పటి కప్పిందో! అతనూ ఆ దుప్పటి కిందే ముడుచుకుని పడుకున్నాడు.

ఇంట్లో అక్క ఉంది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది, తన పెళ్లి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఇప్పుడు ఆమెకు గుండె జబ్బు. నొప్పి లేచినప్పుడు నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర మీదే ప్రాణం నిలబడి ఉంది. ఆ మాత్ర కొనేటప్పుడు అతను బొటనవేలు తడి చేసుకుని తేదీ మీద రుద్దుతాడు. సిరా వేలికి అంటిందా, తన గది సరుకే, తిరిగిచ్చేస్తాడు. అంటకపోతే అసలు మందు. ఊరంతా ఏం మింగితేనేం, అక్క నాలుక కిందికి మాత్రం అసలుదే పోవాలి. అతని నీతి అంత పొడుగే.

మధ్యాహ్నం ఓనరు వచ్చి ఒక రేకు బల్ల మీద పడేశాడు. అక్క వాడే మాత్రే.

"బ్రహ్మా, ఇది రుద్ది చూడు."

వేలు తడి చేసి రుద్దాడు. పోలేదు. స్పిరిట్ పెట్టి రుద్దాడు. తేదీ చెక్కుచెదరలేదు.

"అసలుది కదా సార్?"

"మనదే!" ఓనరు తొడ చరిచాడు. "మేడ మీద కొత్త మిషను. నెల దాటింది పెట్టి. తుడుచుకోవడాలు లేవిక. రేకు మనదే, మాత్రా మనదే. సుద్ద, కాస్త తీపి. దేవుడు దిగొచ్చినా పోల్చుకోలేడు."

అక్క దిండు కింద ఉన్న రేకు పోయిన వారం కొన్నది. వేలికి అంటలేదని మురిసిపోయి తెచ్చినది.

"సార్, ఇంటికెళ్లాలి. మా అక్క..."

"లోడు ఎత్తాక వెళ్లు. మీ అక్క ఎక్కడికీ పోదులే."

గేటు తెరిచే ఉంది. లేచి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. పుట్టి బుద్ధెరిగాక కూర్చోమన్నచోటల్లా కూర్చున్నవాడు. కాళ్లకు వేరే పని తెలియదు. కూర్చున్నాడు. దూది ముంచాడు. ఎదుట రేకులు గుసగుసలాడాయి. ఈసారి అతను వెనక్కి తిరిగి చూశాడు.

లోడు కదిలేసరికి పొద్దు వాలింది. దారిలో మందుల షాపులో మాత్రలు అడిగి, రుద్దాడు. పోలేదు. ఎదురు షాపులోనూ అడిగాడు. అక్కడా పోలేదు.

"ఆ రుద్దుడేంటయ్యా, బంగారమా ఏంటి?" అన్నాడు షాపతను.

నిన్నటిదాకా అంటని వేలు చూసి నిశ్చింతగా ఇంటికి పోయేవాడు. ఇవాళ అదే అంటని వేలిని మళ్లీ మళ్లీ తడి చేసి రుద్దాడు. అరల నిండా రేకులు, తళతళా, అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఏది మందు, ఏది సుద్ద? అయినా కొన్నాడు. కొనక ఏం చేస్తాడు?

అక్క గోడకానుకుని కూర్చుని అతని చొక్కాకు గుండీ కుడుతోంది. ముఖం మైనంలా ఉంది.

"వచ్చావా? గుండీ ఊడితే చెప్పొద్దురా? రొమ్ము విరుచుకుని తిరగడానికి నువ్వేమన్నా పహిల్వానువా?"

"అక్కా, మాత్ర వేసుకున్నావా?"

"మధ్యాహ్నం ఒకటి, ఇందాక ఒకటి. నాలుక కింద చురుక్కుమనాలి కదా? ఒట్టి తీపి. మందని చెప్పి పిప్పరమెంట్లు అంటగట్టారురా నీకు." నవ్వబోయి, రొమ్ము పట్టుకుంది.

కొత్త రేకు చించి మాత్ర ఇచ్చాడు. నాలుక కింద పెట్టుకుంది. అతను ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"చురుక్కుమందా?"

అక్క మాత్రను నాలుకతో అటూ ఇటూ తిప్పింది. "తియ్యగానే ఉందిరా," అంది, పిల్లాడికి నచ్చజెబుతున్నట్టు.

"రుద్ది చూశానక్కా... అన్నీ రుద్దే తెచ్చాను..."

"దేన్నిరా?"

ఏమని చెప్తాడు? "కదలకు, బండి తెస్తా, ఆస్పత్రికి పోదాం," అన్నాడు.

"తొందరేంటి, ఈ నాలుగు పోగులూ పట్టించనీ..."

వీధిలోకి పరుగెత్తాడు. మొదటి బండి ఆగలేదు. రెండోవాడు బేరమాడకుండా ఎక్కించుకున్నాడు.

ఇంటి ముందు దిగుతూనే, "అక్కా, లే," అన్నాడు. బండతను గుమ్మంలోంచి లోపలికి చూసి, వెనక్కి వెళ్లి ఇంజను ఆపేశాడు.

వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అక్క కళ్లు కుట్టు మీదికి వాలి ఉన్నాయి. ఇంట్లో ఫ్యాను లేదు, గాలి లేదు. ఆమె ఒడిలోని చొక్కా నుంచి, సగం పట్టిన గుండీ దారానికి వేలాడుతూ, సూది ఇంకా మెల్లగా ఊగుతోంది.