పురుగుల ఇంట్లో ఉయ్యాల

టీవీ రిమోట్ మొండికేస్తే ఎవరైనా ఏం చేస్తారు? అరచేతిలో రెండు దెబ్బలు కొడతారు. తమిళనాడులో, హోసూరు దగ్గర సూళగిరి రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఆ చిన్న ఊళ్ళో, కొండప్ప ఇంట్లో కూడా అదే వైద్యం. అట్లాంటిది కొండప్ప కూతురు లక్ష్మీప్రియ, బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్ల, ఒక పొద్దున ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇట్లా పెట్టింది: "ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరవండి. రిమోట్ మూతి దానివైపు తిప్పి బటన్ నొక్కండి. ఫోన్‌లో చిన్న వెలుగు మినుక్కుమంటే రిమోట్ బాగుంది. మినుక్కుమనలేదా, బ్యాటరీ మార్చండి. ఊరికే కొట్టకండి, పాపం."

ఆ చిట్కా అందరికన్నా ముందు చేసి చూసింది ఇంటి కోడలు మంజుశ్రీ. మామూలు కంటికి కనపడని వెలుగు ఫోన్‌లో ఊదారంగులో మెరిసేసరికి ఆమె ఇంకోసారి నొక్కి చూసింది. కనపడకపోతే లేదని కాదు అనుకుంది. ఆ మాట ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయింది.

ప్రియకు అదొక సరదా. వారంలో మూడు రోజులు ఊళ్ళోనే ఉండి, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసేది. ఆ ఇంట్లో సిగ్నల్ అందే చోటు అదొక్కటే. పని నడుమ తనకు కొత్తగా తెలిసిందల్లా గ్రూపులో పెట్టేది. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టొద్దని, బియ్యపు దుమ్ము సందుల్లో దూరి ఇంకా చెడిపోతుందని ఒకసారి రాసింది. దానికి వాళ్ళమ్మ కెంపమ్మ మిద్దె కిందనుంచే అరిచి అడిగింది:

"బియ్యం వద్దంటే రాగుల్లో పెట్టొచ్చునా?"

"రాగులు సంగటికి పెట్టుకోమ్మా!"

ఇట్లా నవ్వులాటగా సాగుతున్న ఇంట్లో మంజుశ్రీకి మాత్రం ఒక్కటే దిగులు. మూడేళ్ళ కూతురు పూర్విక.

పిల్ల ఉన్నట్టుండి దగ్గుతుంది. దగ్గు ముదిరి ఊపిరి ఈలలాగా కూస్తుంది. డొక్కలు లోపలికి పోతాయి. మంజుశ్రీ ఆ పిల్లను చంకనేసుకుని, పక్కింటి సుబ్బక్కను తోడు పిలుచుకుని హోసూరుకు పరిగెత్తుతుంది. తమాషా ఏమంటే, బస్సు ఎక్కి సూళగిరి దాటేసరికి ఈల తగ్గిపోతుంది. ఆసుపత్రిలో డాక్టరు గొట్టం పెట్టి చూసే వేళకు పిల్ల ఆయన పెన్ను లాక్కుంటూ ఉంటుంది.

"బస్సే దాని మందు. రోజూ ఒక ట్రిప్పు కొట్టించమ్మా," అన్నాడు కొండప్ప.

"మందూ లేదు మాకూ లేదు. అది దిష్టి. నిన్న ఆ కల్లావి ఊరి చుట్టాలు వచ్చి 'ఎంత బొద్దుగా ఉండాది' అనిపోయినారు గదా," అంది కెంపమ్మ.

క్రిష్ణగిరిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు ఆమె నోట్లోకి పీల్చే మందు రాసిచ్చి, మెల్లగా అడిగింది. "ఎప్పుడెప్పుడు వస్తోంది? దానికి ముందు పాప ఎక్కడుంది, ఏం చేస్తోంది?" మంజుశ్రీ "అప్పుడప్పుడు" అనగలిగింది అంతే. "ఊపిరితో ఆటలు కాదమ్మా. ఇట్లాగే పదే పదే వస్తే ఒకసారి మీరు ఇంత దూరం చేరుకోలేకపోవచ్చు. ఎందుకొస్తోందో కనిపెట్టాల. నేను మీ ఇంట్లో లేను, మీరే ఉన్నారు," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో మోగింది. చేరుకోలేకపోవచ్చు. పిల్ల ఒళ్ళో నిద్రపోతుంటే దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే వచ్చింది.

ఆ సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికని మిద్దె ఎక్కి, ట్యాంకు పక్కన కూలబడి ఏడ్చేసింది. ప్రియ చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది.

"వదినా, నా పనిలో కూడా ఇదే రోగం ఉండాది తెలుసా," అంది. "ప్రోగ్రాముల్లో కొన్ని తప్పులుంటాయి, బగ్గులు అంటాము, అంటే పురుగులే. వాడేవాళ్ళ దగ్గర వస్తాయి. నేను చూడబోతే రావు. పిలిస్తే పలకవు. మా ఆఫీసులో తిలక్ అని ఒకడున్నాడు, వాడికి దేవుడి మీదకన్నా అట్లాంటి తప్పుల మీదే భక్తి ఎక్కువ."

"మరి ఎట్ల పట్టుకుంటారు?"

"రాసుకుంటాము. ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం జరిగింది. రానప్పుడు కూడా రాసుకుంటాము. రాసి రాసి పక్కపక్కన పెట్టి చూస్తాము."

మంజుశ్రీ తల వంచుకుంది. తొమ్మిదో తరగతి సగంలో ఆమె బడి మాన్పించినారు. అదీ తమిళ బడి. ఇంట్లో మాట్లాడే తెలుగు రాయడం రాదు, తమిళం రాయబోతే ఒక్కో అక్షరానికి చెయ్యి తడబడుతుంది. "నాకు యాడ వస్తాది ప్రియా, రాసేది?"

ప్రియ ఆమె ఫోను తీసుకుని, వాట్సాప్‌లో ఎవరి నంబరుకు వాళ్ళే పంపుకునే చోటు తెరిచి చూపించింది. కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి, "మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడేది?" అంది మంజుశ్రీ. ఆ మాట తెలుగు అక్షరాల్లో గబగబా వచ్చి కూర్చుంది. తన మాటను తాను అక్షరాల్లో చూడడం ఆమెకు అదే మొదటిసారి. అక్షరాలు చదవలేకపోయినా ఫోనే చదివి వినిపిస్తుందని ప్రియ ఇంకో బటన్ చూపించింది.

"ఒకే ఒక షరతు వదినా. కంటితో చూసింది చెప్పు. అనుకున్నది చెప్పొద్దు."

మొదటి రోజు మంజుశ్రీ ఏం చెప్పిందంటే: "ఈ రోజు పాపకు ఈల వచ్చింది. నేను సరిగా చూసుకోలేదు." ప్రియ అది విని తల అడ్డంగా ఊపింది. "రెండోది అనుకున్నది. తీసెయ్."

అట్లా మొదలైంది. అంతా పట్టుపురుగుల పని నడుమే. ఆ ఇంటికి ఆధారం పురుగులు. మల్బరీ తోట మధ్యలో వాటికి వేరే ఇల్లుంది, మనుషుల ఇంటికన్నా మడిగా చూసుకుంటారు దాన్ని. స్నానం చేసి, కాళ్ళు కడగనిదే లోపలికి పోరాదు. పరాయి మనిషి అడుగు పెట్టరాదు. తాళింపు వాసన, బీడీ వాసన తగలరాదు. చలికి పురుగు ముడుచుకుపోతుందని లోపల బొగ్గుల కుంపటి. హోసూరు పక్క చలి సంగతి తెలిసిందే గదా, తెల్లవారితే ఎముకలు కొరుకుతుంది. ఊరంతా వణుకుతుంటే పురుగుల ఇంట్లో మాత్రం నులివెచ్చగా ఉంటుంది. అందుకే మంజుశ్రీ ఆకు వేసేటప్పుడు పూర్వికను అక్కడికే తీసుకుపోయి, తలుపు పక్కన దూలానికి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. దగ్గు ఎక్కువైతే ఉయ్యాలను ఇంకా లోపలికి, కుంపటి దగ్గరికి జరిపేది. దుమ్ముధూళి రాని చోటు, కంటి ముందే ఉంటుంది బిడ్డ. అంతకన్నా మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది?

ఒక పంట అయ్యేదాకా, నెల రోజులు, ఆమె ఫోన్‌తో మాట్లాడింది. ఇంట్లోవాళ్ళకు అదొక వేడుక. "కోడలు ఒంటరిగా గొణుగుతా ఉండాది, ఆమెకు కూడా దిష్టి తీయాల," అని కెంపమ్మ ఆటపట్టించేది. "మన ఇంట్లో పురుగులు చాలక, నా కూతురు ఆఫీసులో కూడా పురుగులు వెతుకుతాదంట. ఇప్పుడు కోడలు కూడా చేరింది!"

ఆదివారం పొద్దున వదినా మరదళ్ళు మిద్దె మీద కూర్చున్నారు. ఆ నెలలో పిల్లకు ఈల వచ్చింది నాలుగు రోజులు: రెండు, తొమ్మిది, పది, పదహారు. ప్రియ ల్యాప్‌టాప్‌లో గళ్ళు గీసి నింపింది. అరటిపండు తిన్న రోజులు వేరే. మంచు పడిన రోజులు వేరే. పన్నెండున ఇంకా చలి ఎక్కువ, ఆ రోజు దగ్గు లేదు. కల్లావివాళ్ళు మళ్ళీ వచ్చింది ఇరవైన, ఆ మర్నాడు పిల్ల గంతులేసింది.

"దిష్టి కొట్టేసినాను," అంది ప్రియ. తరువాత బుగ్గ గోక్కుంది. "ఇంక నాకేం తోచట్లేదు వదినా."

మంజుశ్రీ ఆ నాలుగు అంకెలనే చూస్తూ ఉంది. తొమ్మిది, పది, పదహారు. ఈ తారీఖులు తాను ఇంకెక్కడో చూసింది. కళ్ళ ముందు గోడ కదిలింది. గోడకు మేకు. మేకుకు క్యాలెండరు.

మెట్లు ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. పురుగుల ఇంటి తలుపు వెనక కొండప్ప క్యాలెండరు వేలాడుతోంది. పురుగు పాత తోలు వదిలే ముందు ఒక రోజు ఆకు ముట్టకుండా, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని జ్వరం అంటారు. ఏ తారీఖున జ్వరానికి కూర్చున్నాయో, ఏ తారీఖున లేచినాయో కొండప్ప ప్రతి పంటకూ ఎర్ర పెన్సిలుతో సున్న చుడతాడు. తొమ్మిది, పది: మూడో జ్వరం. పదిహేను, పదహారు: నాలుగో జ్వరం. రెండో తారీఖు మీద సున్న లేదు. ఆ రోజుకు పురుగులే రాలేదు, రెండు జ్వరాలు దాటినవే ఇంటికి వస్తాయి. కాని పురుగులు రాకముందు పాపను గడప దగ్గర కూర్చోబెట్టుకుని ఇల్లంతా బ్లీచింగు, సున్నం కొట్టి కడిగింది ఆ రోజే.

జ్వరం నాడు పురుగుల తట్టల మీద సున్నపు పొడి చల్లుతారు. లేచినాక ఇంకో మందుపొడి చల్లుతారు. పల్చటి గుడ్డలో మూట కట్టి, తట్టల పైన చేత్తో తట్టుతుంటే తెల్లగా పొగమంచులాగా లేస్తుంది. పురుగుకు రోగం రాకూడదని. ఆ మూట తట్టేది ఎవరు? మంజుశ్రీనే. ఉయ్యాల కట్టింది ఎవరు? దగ్గు ఎక్కువైతే లోపలికి జరిపింది ఎవరు?

ఆమె ఆ ఎర్ర సున్నల మీద వేలు పెట్టి చూపింది. వెనకనే వచ్చిన ప్రియతో, "నేనే ప్రియా," అంది. "నా చేతులతోనే చల్లినాను బిడ్డ మీద."

"పదిహేనున ఈల రాలేదు గదా వదినా. యాడుంది పాప?"

మంజుశ్రీ ఫోన్ తీసి ఆ రోజు మాటలు వినింది. తన మాటే ఫోను గొంతులో పలికింది: "పదిహేను. పాప సుబ్బక్క ఇంట్లో ఆడుకునింది. దగ్గు లేదు."

ఆ రోజు కూడా సున్నం చల్లినారు. పాపే అక్కడ లేదు.

"మా పనిలో తప్పు దొరికితే ఎవరు చేసినారని అడగము. అడిగితే రేపటినుంచి ఎవరూ నిజం రాయరు. ఏం మార్చాల, అంతే అడుగుతాము," అంది ప్రియ.

మంజుశ్రీ అన్నీ మార్చేయాలనుకుంది. అరటిపండు మాన్పించాల, తాయెత్తు కట్టించాల, అంచెట్టిలో ఉన్న తన అమ్మగారింటికి పిల్లను పంపించాల. "వద్దు. మందు మానొద్దు. మిగతాది ఒక్కటే మార్చు. పది మారిస్తే ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తాది?" అంది ప్రియ.

కష్టమంతా ఇంట్లో చెప్పడంలో వచ్చింది. పురుగులను ఆ ఇంట్లో లక్ష్మి అంటారు. ప్రతి పంటకూ గడపకు పసుపు కుంకుమ పెట్టేది కెంపమ్మ. కోడలు నోరు తెరిచి పురుగుల ఇంటి వల్ల బిడ్డకు జబ్బు అంటే ఏమౌతుంది? మధ్యాహ్నం సంగటి ముద్దల ముందు మంజుశ్రీ కూర్చుంది. భర్త ప్రజ్వల్ వైపు చూసింది. అతను సంగటి ముద్ద వైపు చూశాడు. చివరికి ఫోన్ తీసి నేలమీద పెట్టి, తన మాటలు తానే వినిపించింది. తొమ్మిది. పది. పదిహేను. పదహారు.

"సున్నం పడి పురుగుకే ఏం కాదు, బిడ్డకేమైతాది?" అంది కెంపమ్మ. కాని గొంతులో మునుపటి గట్టిదనం లేదు. ఉయ్యాల కట్టేటప్పుడు దూలానికి తాడు బిగించి ఇచ్చింది ఆమే మరి.

కొండప్ప నోట్లో ముద్ద మింగి అన్నాడు: "పురుగుకు వేరే ఇల్లు ఏమిటికి కట్టినామే? మన పొగ, మన వాసన దానికి పడదని. దాని పొడి మన బిడ్డకు పడకపోతే అందులో కోపమేముంది? రేపు ఆ ఉయ్యాల విప్పమ్మా."

డాక్టరమ్మ కూడా ఫోన్ మొత్తం వినింది. ఒకచోట ఆపి మళ్ళీ వినింది. "ఇదే అయ్యుండొచ్చు. గట్టిగా చెప్పలేను గాని, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు నాకు. పొడికి దూరంగా ఉంచండి, మందు నడవనీండి, చూద్దాము," అంది. చూద్దాము అనే మాట అంత తియ్యగా ఉంటుందని మంజుశ్రీకి తెలియదు.

తరువాతి పంట వచ్చింది. మూడో జ్వరం పొద్దున మంజుశ్రీ పూర్వికను అత్తకు అప్పజెప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకుని సున్నం చల్లింది. ఇదివరకు పురుగుల ఇంట్లోకి పోయే ముందు స్నానం. ఇప్పుడు బయటికి వచ్చినాక కూడా స్నానం. తల తుడుచుకోకుండానే పోయి పిల్ల వీపుకు చెవి ఆనించింది. లోపల గుండె టకటక. ఊపిరి మామూలుగా పోతోంది, వస్తోంది. సాయంత్రం మళ్ళీ చెవి పెట్టింది. మర్నాడు మళ్ళీ పెట్టింది. "పోమ్మా, నీ జుట్టు చల్లగా ఉండాది," అని పిల్ల తోసేసింది.

నాలుగో జ్వరం నాడు పూర్విక నాయనమ్మ చెయ్యి విడిపించుకుని పురుగుల ఇంటివైపు ఉరికింది. మంజుశ్రీ అప్పుడే పని ముగించి, స్నానం చేసి, మిద్దె మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మైకు నొక్కింది. ఆ రోజు ఫోన్‌లో పడింది ఇది:

"ఈ రోజు పదమూడు నాలుగో జ్వరం సున్నం చల్లినాము పాపకు దగ్గు ఏయ్ పూర్వీ నిలుచుకో యాడికే పోతావు లోపల సున్నం ఉండాది నీ కాళ్ళు విరగ్గొడతా రాయే దొంగముండా అయ్యో పట్టుకోండప్పా దాన్ని ఎంత పరుగు పరుగెత్తుతాదో చూడు నాకే ఊపిరి ఆడలేదు"

ఫోను చదివి వినిపిస్తే, మంజుశ్రీ చెప్పాలనుకున్న "లేదు" అనే మాట అందులో ఎక్కడా పడలేదు. మైకు అత్త కేకలే వినింది. మంజుశ్రీ చెరిపేయబోయి ఆగింది. అన్నీ చెవితో విన్నవే గదా, అనుకున్నది ఒక్కటీ లేదు.

అట్లాగే ఇంటి గ్రూపుకు పంపేసింది. ట్యాంకు పక్కనుంచి ప్రియ నవ్వు మెట్ల మీదికి దొర్లుకుంటూ వచ్చింది.