ఎండ మడతలు

పొద్దున్నే ఆవు పాలు పిండి, పొయ్యిలో పిడకలు వేసి, మామగారికి టీ అందించాక, బురుల్ బొంతల దొంతరలోంచి ఒక ఎండ మడత తీసుకుని పనిపాకకు బయల్దేరేది. గోడవారన చెక్కపెట్టె మీద కప్పు దాకా పేర్చిన బొంతల మధ్య ఆ మడతలు ఉండేవి. బొంత కన్నా తేలికే గానీ, చంకలో పెట్టుకుని పెరడు దాటేలోగా చెమట పట్టించేవి. వాటిని పాకలో నేల మీద పరిస్తే, బయట మంచు గడ్డకట్టి గొర్రెల మూతులకు వేలాడుతున్నా, లోపల సాయంత్రం దాకా జూన్ నెలే.

అత్‌బాషీ ఊరు మొత్తంలో కొముజ్‌లు చేసే ఇల్లు అదొక్కటే. ఆ మూడు తీగల వాద్యానికి కావలసింది ఖుబానీ కొయ్య, కొండ దేవదారు పలక, ఎముకల జిగురు, అన్నిటికన్నా ముందు నిలకడైన వేడి. వంటింట్లో చేద్దామంటే మాంసం ఉడికే ఆవిరికి పలక ఉబ్బుతుంది. బొగ్గు పొయ్యి పెడితే కాసేపు మాడ్చి, జిగురు ఆరేలోగానే చేతులెత్తేస్తుంది. అలా వేడీ చలీ మారితే కొయ్య ఒప్పుకోదు. అందుకని బురుల్ అత్త, ముసలి సతార్‌కుల్ భార్య ఊల్కాన్ ఏటా వేసవిలో, పాక కిటికీలోంచి నేల మీద పడే ఎండను పలకగా ఎత్తి, మడిచి, చలికాలానికి దాచేది.

అందులో ఎవరికీ వింతేమీ లేదు. పక్కింటి సబీరా గొర్రెపిల్లలు వణుకుతున్నాయని ఒక మడత అడిగి పట్టుకెళ్ళి, మర్నాడు ఎండు పెరుగుండలతో పాటు ఒక ఫిర్యాదు కూడా తెచ్చేది. ఆ మడతలో ఒక ఈగ ఉందనీ, రోజంతా గుయ్యిమంటూ తన బుర్ర తినేసిందనీ.

ఆ ఊల్కాన్ కిందటి సెప్టెంబరులో పోయింది.

కోడలు బురుల్ ఆ ఇంటికొచ్చి నాలుగేళ్ళు. మొగుడు తాలాయ్ గుర్రాల కాపరి. వేసవంతా కొండ మీది మేతభూముల్లో అతనితోనే ఉండేది కాబట్టి, అత్త ఎండ ఎత్తగా చూసే యోగం ఆమెకు కలగలేదు. చలికాలంలో మాత్రం తాలాయ్ మందతో లోయలోకి పోతే, ఈమె ఇంట్లోనే ఉండి మామగారి పక్కన కూర్చుని ఉలి పట్టింది. మొదట చిత్రిక పొట్టు ఊడ్చింది, తర్వాత మొద్దు తొలిచింది. సతార్‌కుల్ చేతులకు వణుకు వచ్చాక పని మొత్తం ఆమె మీదే పడింది. ఆయన పొగడ్త తెలిసిన మనిషి కాదు. ఆమె తొలిచిన కొయ్యను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేవాడు. ఏమీ అనకపోవడమే బహుమానమని బురుల్‌కి త్వరగానే అర్థమైంది.

అత్త పోయిన రోజుల్లో ఇంకా కాస్త ఎండ మిగిలుంది. బురుల్ పాకలో మోకాళ్ళ మీద కూర్చుని ఎత్తబోయింది. ఒక అంచు లేచింది, మోకాలెత్తు దాకా వచ్చింది, అంతలోనే పాల మీది మీగడలా జారి చిరిగి ముక్కలైంది. పది రోజులు అదే వరస. గుమ్మంలో నిలబడి చూసిన సతార్‌కుల్ జాలిగానే అన్నాడు.

“వదిలెయ్యి తల్లీ. మీ అత్త ఒక్కతే ఎత్తేసేది, నిమిషంలో పని. అది ఆవిడ చేతి మహిమ.”

దాంతో ఉన్న మడతలతోనే చలికాలం గడపాలని తేలింది. అవి అయిపోతే పాక మూసేసి, అన్నకొడుకు మిర్లాన్‌కి కార్లు బాగుచేసుకోవడానికి ఇచ్చేస్తానని ముసలాయన మాట ఇచ్చేశాడు. కోడలిని అడగలేదు. ఆ ఊరి ఆచారం ప్రకారం కోడలు మామగారి పేరు పలకదు, ఆయనకు ఎదురు నడవదు, ఇది చెయ్యండి అని పని చెప్పదు. అలాంటప్పుడు పాక ఇవ్వొద్దని ఏ నోటితో అంటుంది? ఉలి పట్టాకే తనకంటూ ఒక పని ఉందని తెలిసింది ఆమెకు. అది పోతే మళ్ళీ పాలూ పిడకలే.

ఫిబ్రవరి వచ్చేసరికి ఒక్క మడత మిగిలింది. అది దొంతరలో కూడా లేదు, ముసలాయన తలగడ పక్కన ఉంది. ఊల్కాన్ చివరగా ఎత్తిన ఎండ అది. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆవిడ నీడ పడకుండా పక్కకు జరిగి ఎత్తేది, ఎందుకంటే నీడ పడినచోట వేడి ఉండదు. ఆ రోజు ఒంట్లో శక్తి లేక జరగలేకపోయింది. మడత పైపొరలో, తలగుడ్డ కట్టుకుని వంగిన ఆవిడ నీడ అచ్చుపడిపోయింది. సతార్‌కుల్ రోజూ దాన్ని చేత్తో తడిమేవాడు గానీ ఒక్కసారీ విప్పలేదు. విప్పితే సాయంత్రానికి అయిపోతుంది కదా.

అప్పటికి బురుల్ చేతిలో ఒక కొముజ్ ఉంది. మొద్దు కొట్టడం దగ్గర్నుంచి పూర్తిగా ఆమె ఒక్కతే చేసింది. పైపలక అతికిస్తే చాలు. బొగ్గు పొయ్యి పెట్టి చూద్దామని సతార్‌కులే అన్నాడు. మర్నాడు తెల్లారి వెళ్ళి చూస్తే, అతికించిన పలక నిలువునా చీలి ఉంది. బురుల్ చీలిన పలక ఊడదీసింది, ఎండిన జిగురు గీకింది, కొత్త పలక చిత్రిక పట్టి సిద్ధం చేసి పక్కన పెట్టింది. తర్వాత ఉలులన్నీ తుడిచి, నూనెగుడ్డలో ఒక్కొక్కటే చుట్టడం మొదలుపెట్టింది, రేపటి నుంచి రానక్కర్లేని మనిషిలా.

సతార్‌కుల్ ఆ చుట్టడం చూస్తూ కూర్చున్నాడు. ఇంతకాలం తన దుఃఖాన్ని వెచ్చగా ఉంచుకోవడానికి ఈ పిల్ల పనిని చలిలో నిలబెట్టానా అనిపించి, ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“పొద్దున్నే జిగురు కాచు” అన్నాడు.

పొద్దున్న ఆయనే మడత తెచ్చాడు. ఇవ్వలేక ఇచ్చాడు, అది కళ్ళలో తెలిసింది. బురుల్ విప్పి నేల మీద పరిచింది. సెప్టెంబరు వేడి మెల్లగా గోడల దాకా పాకింది. జిగురు తేనెలా సాగింది. పలక పెట్టి, తాడుతో బిగించి కట్టి, కారిన జిగురు తుడిచి, అప్పుడు గానీ ఆమె తలెత్తి చూడలేదు. ముసలాయన ఎండ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక అంచున ఊల్కాన్ నీడ, వంగి, రెండు చేతులూ ముందుకు చాపి. ఆయన చూస్తున్నది దాన్ని కాదు. ఎదుటి అంచున ఇంకో నీడ ఉంది. పొడుగాటి ఊలు టోపీ, వంగిన వీపు, ఎండ అంచు పట్టుకున్న రెండు చేతులు.

“ఇదెవరు?” అన్నాడు.

“మీరే మామయ్యా.”

ఆయన వంగి ఆ నీడ చేతుల మీద తన చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత, తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. ఊల్కాన్ రోజూ పిలిచేదట, ఏమయ్యా, ఒక్కసారి ఇటొచ్చి ఈ కొస పట్టుకో అని. పనిలో ఉండగా లేపిందని విసుక్కుంటూ వచ్చి, నీడ పడకుండా ఆవిడ జరగమన్న వైపు జరిగి పట్టుకునేవాడట. చూపు మాత్రం బల్ల మీది కొముజ్ మీదే. మడిచేశాక మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. ముప్ఫై ఆరు వేసవులు. తను పట్టుకున్నది అసలొక పనే అని ఎన్నడూ అనుకోలేదు.

“ఒక్కతే ఎత్తేదని ఊరంతా చెప్పాను. నీకూ అదే చెప్పాను” అన్నాడు. ఆ మాటలో సిగ్గూ బెంగా కలిసి ఉన్నాయి. బతికున్నన్నాళ్ళూ పిలిచిన మనిషి ముఖం కూడా సరిగా చూడలేదే అన్న బాధ అది. దానికిప్పుడు చేయగలిగిందేమీ లేదు. సాయంత్రానికి ఆ రెండు నీడలూ ఉండవని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం అయ్యేసరికి మంచు మబ్బు విడిచింది. కిటికీలోంచి ఫిబ్రవరి ఎండ వచ్చి, సెప్టెంబరు ఎండ పక్కనే నేల మీద పడింది. సన్నగా, పాలిపోయి ఉంది. బురుల్ దాని ఒక చివర మోకాళ్ళ మీద కూర్చుని, అంచు కింద వేళ్ళు దూర్చింది. తర్వాత అలాగే ఆగిపోయింది. నాలుగేళ్ళలో మామగారికి ఒక్క పని చెప్పలేదు ఆమె. చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకునే అంది.

“మామయ్యా, ఆ కొస పట్టుకోండి.”

ముసలాయన టోపీ తీసి పక్కన పెట్టాడు. కీళ్ళు పటపటమంటుండగా వంగి అంచు పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఎండ కూడా వణికింది. అయినా లేచింది. మోకాలు దాటింది, నడుము దాకా వచ్చింది. ఈసారి ఆయన బల్ల వైపు చూడలేదు. కోడలి ముఖం చూస్తూ, ఆమె ఎటు అడుగేస్తే అటు అడుగేశాడు.

సరిగ్గా అప్పుడే మిర్లాన్ వచ్చాడు, టేపు చేత్తో పట్టుకుని, పాక కొలతలు తీసుకుందామని. గుమ్మం మీద కాలు పెట్టబోతున్నాడు.

“అక్కడే ఆగరా, నీడ పడుతుంది. ఇది పనిచేసే చోటు” అన్నాడు సతార్‌కుల్, చేతులు దించకుండా.

మిర్లాన్ కాసేపు బయట మంచులోనే నిలబడ్డాడు. వాళ్ళు మడవడం అయ్యేట్టు లేదని తెలిసి, టేపు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.